తలుపు వైపు చూస్తూ మనిషి బొమ్మ గీయడం

టెహ్రాన్‌లోని ఒక విశ్వవిద్యాలయం. బొమ్మలు గీసే గదిలో ఒక విద్యార్థిని పొద్దుపోయేదాకా ఉండిపోయి, ఎదుట ఉన్న మగ మోడల్‌ను చూస్తూ శ్రద్ధగా గీసుకుంటూ ఉంటుంది. అంతలో పర్యవేక్షకుడు లోపలికి వచ్చి, ఇక్కడేం చేస్తున్నావని అడుగుతాడు. చూస్తున్నారు కదా, ఈయన బొమ్మ గీస్తున్నాను అంటుంది ఆమె. ఆయన వైపు చూసే హక్కు నీకు లేదు, అది నైతిక నియమావళికి విరుద్ధం అంటాడు అతడు. మరి తలుపు వైపు చూస్తూ ఈయన బొమ్మ గీయమంటారా అని ఆమె అడుగుతుంది. అవును అంటాడు అతడు.

మర్జాన్ సత్రాపీ రాసి, గీసిన ‘పెర్సెపోలిస్’ అనే గ్రాఫిక్ నవలలోని ఈ సన్నివేశానికి నేను నవ్వినంతగా మరే బొమ్మల పుస్తకంలోనూ నవ్వలేదు. మొదటిసారి చదివినప్పుడు వచ్చిన నవ్వు ఒక ఎత్తు అయితే, తర్వాత పుస్తకం తిరగేసిన ప్రతిసారీ, ఆ పేజీ రాబోతోందని తెలిసి కూడా, ఆ ‘అవును’ దగ్గర మళ్లీ నవ్వు ముంచుకొని రావడం మరొక ఎత్తు. హాస్యం సాధారణంగా తెలిసిపోతే చప్పబడుతుంది. ఇది చప్పబడడం లేదు. ఎందుకు చప్పబడడం లేదో కాస్త తీరిగ్గా రాయాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

పుస్తకం చదవని వారి కోసం రెండు మాటలు చెప్పాలి. సత్రాపీ 1969లో ఇరాన్‌లోని రష్త్ నగరంలో పుట్టి, టెహ్రాన్‌లో పెరిగారు. 1979 ఇస్లామిక్ విప్లవం వచ్చేనాటికి ఆమెకు తొమ్మిదేళ్లు. ఇరాక్‌తో యుద్ధం సాగుతున్న కాలంలో తల్లిదండ్రులు ఆమెను చదువు కోసం వియన్నాకు పంపించారు. యుద్ధం ముగిశాక ఆమె స్వదేశానికి తిరిగి వచ్చి, టెహ్రాన్‌లో కళావిద్య చదివి, 1994లో ఫ్రాన్స్‌కు వెళ్లిపోయారు. ఈ కథనంతా ఆమె ఫ్రెంచిలో నాలుగు భాగాలుగా, 2000 నుంచి 2003 వరకు ప్రచురించారు. ఇంగ్లీషులో 2003లో ఒక సంపుటం, 2004లో మరొకటి వచ్చాయి. నేను చెబుతున్న సన్నివేశం రెండో సంపుటంలోది, దాన్ని ఇంగ్లీషు చేసినవారు అంజలి సింగ్. పుస్తకమంతా నలుపు తెలుపే, మధ్యలో బూడిద రంగు కూడా లేదు.

ఆ సన్నివేశం ‘సాక్సులు’ అనే అధ్యాయంలో వస్తుంది. నవ్వు తలుపు దగ్గర పేలుతుంది గాని, దానికి మందుగుండు అంతకు ముందే, శరీర నిర్మాణ చిత్రణ తరగతిలో కూరి పెట్టి ఉంటుంది. మనిషి శరీరాన్ని గీయడం నేర్చుకోవాలంటే ఎదురుగా ఒక మనిషి ఉండాలి. కళ్లతో ఎముకల వాలు, కండరాల పొంగు, భుజం దగ్గర చెయ్యి తిరిగే తీరు పట్టుకోవాలి. కాని ఈ విద్యార్థినులకు మోడల్‌గా వచ్చిన స్త్రీ తల నుంచి పాదాల వరకు నల్లని చాదర్‌లో ఉంది. వాళ్లు ముందు నుంచి చూశారు, పక్క నుంచి చూశారు, వెనక నుంచి చూశారు. ఏ దిక్కు నుంచి ఏ కోణంలో చూసినా శరీరంలో ఒక్క భాగమూ కనిపించలేదు. అయినా బట్ట మడతలు గీయడం మాత్రం నేర్చుకున్నాం అంటుంది కథ చెప్పే ఆమె. ఈ చివరి మాటలో ఫిర్యాదు గొంతు లేదు. ఉన్నదాంట్లో నుంచే ఏదో ఒక విద్య పిండుకున్న విద్యార్థి గొంతు ఉంది. చదువు మీద నిజమైన ప్రేమ ఉన్నవారే ఆ మాట అనగలరు.

ఇక్కడ బొమ్మ ఏం చేస్తోందో గమనించాలి. సత్రాపీ చాదర్‌ను ఎప్పుడూ చదునైన నల్లని మచ్చగానే గీస్తారు. అందులో నీడలు వేయరు, గీతలతో నేత చూపించరు. పుస్తకంలో వీధుల నిండా, బడుల నిండా అవే నల్లని ఆకారాలు కనిపిస్తూ ఉంటాయి. ఇప్పుడు ఆ నల్లని ఆకారం శరీర నిర్మాణ పాఠానికి మోడల్‌గా గది నడుమకు వచ్చింది. చుట్టూ విద్యార్థినులు ఎంతో శ్రద్ధతో పెన్సిళ్లు పట్టుకుని ఉన్నారు. పాఠకుడి కంటికి కూడా వాళ్లకు కనిపించిందే కనిపిస్తుంది. మనమూ ఆ ఆకారంలో భుజం ఎక్కడుందో మోకాలు ఎక్కడుందో వెతుకుతాం, మనకూ దొరకదు. అంటే ఈ హాస్యాన్ని మనకు ఎవరూ వివరించడం లేదు. ఆ తరగతిలో మనకూ ఒక చోటిచ్చి, మన చేతా ఆ పరీక్ష రాయించి, మనమూ తప్పిన తర్వాత నవ్విస్తున్నారు.

తర్వాత మగ మోడల్ వస్తాడు. ఒంటి నిండా బట్టలు ఉన్నా, కాళ్లూ చేతులూ ఎక్కడున్నాయో కనీసం తెలుస్తుంది. హమ్మయ్య, ఇక చదువు సాగుతుంది అని మనం అనుకుంటాం. సరిగ్గా ఆ ఊపిరి వదిలే సమయానికే పర్యవేక్షకుడు లోపలికి వస్తాడు. మొదటి ఏర్పాటులో చూడవలసిన మనిషి కనిపించదు. రెండో ఏర్పాటులో కనిపించే మనిషిని చూడకూడదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ విద్యాలయంలో బొమ్మ గీయడానికి మిగిలిన దారి తలుపొక్కటే. ఆ అమ్మాయి వెటకారానికి అన్న మాట నిజానికి తర్కానికి మిగిలిన చివరి మెట్టు. ఆ మెట్టు మీద కాలు పెట్టడానికి అవతలి మనిషి జంకుతాడని మనం ఎదురుచూస్తాం. అతడు జంకడు. కనీసం కోప్పడడు కూడా. ఎంతో సహజంగా ‘అవును’ అంటాడు.

ఈ హాస్యమంతా ఆ ఒక్క మాటలో ఉంది. వేరే రచయిత అయితే ఆ పర్యవేక్షకుడిని తికమకపెట్టి, నీళ్లు నమిలించి, అమ్మాయిని గెలిపించి ఉండేవారు. అప్పుడు చదువరికి ఒక చిన్న సంతోషం కలిగేది, అంతటితో సరిపోయేది. ఇక్కడ ఆమె గెలవలేదు. అతడి ఆజ్ఞ ఎంత అసంబద్ధమో అవతలివాడికి చూపించాలని అద్దం పట్టింది. అతడు ఆ అద్దంలోకి చూసుకుని, అందులో ఏ లోపమూ కనిపించక, తల ఊపాడు. అసంబద్ధమైన ఆజ్ఞను అసంబద్ధమని నిరూపించడానికి దాన్ని ఇంకా సాగదీసి చూపితే చాలు, అవతలివారు సిగ్గుపడతారు అని మనందరికీ ఒక నమ్మకం ఉంటుంది. వాదనలో ఎప్పుడో ఒకప్పుడు అందరమూ ఆ ఉపాయం వాడి ఉంటాం. ఆ నమ్మకం కాలి కింద నుంచి జారిపోయే క్షణం అది. నవ్వు అక్కడ నుంచి వస్తుంది. ఎన్నిసార్లు చదివినా చప్పబడకపోవడానికి కారణం కూడా అదేనని నాకు అనిపిస్తుంది. చమత్కారం తెలిసిపోతే దాని పని అయిపోతుంది గాని, ఒక మనిషి అంత నిశ్చింతగా ‘అవును’ అనగలగడం ఎన్నిసార్లు చూసినా పాతబడదు.

మరో విషయం ఉంది, అది గ్రాఫిక్ నవలకు మాత్రమే సాధ్యమైనది. చిత్రకారుల పనే చూడడం. చూడవద్దని చెప్పడం అంటే వంటవాడిని రుచి చూడవద్దని చెప్పినట్టు. అయితే ఈ సంగతిని మనకు చెబుతున్నది కూడా ఒక చిత్రకారిణే. చూడకూడదని ఆమెకు ఆజ్ఞ వేసిన ఆ పర్యవేక్షకుడు ఎలా నిలబడ్డాడో, ఏ మొహం పెట్టాడో ఆమె జ్ఞాపకంలో నుంచి తీసి, నాలుగు గీతల్లో గీసి, మన ముందు పెట్టారు. మోడల్‌ను చూడవద్దన్న మనిషినే ఆమె చూసి పెట్టుకున్నారు. ఈ కథను వచనంలో చెబితే హాస్యం కొంత మిగులుతుంది గాని, ఈ తీర్పు మిగలదు. బొమ్మ ఉన్నది కాబట్టే, చూపు ఎవరిది గెలిచిందో మన కళ్లకు తెలుస్తుంది.

వార, మాస పత్రికల్లో కార్టూన్లు చూస్తూ పెరిగిన తెలుగు పాఠకులకు ఇక్కడ ఒక తేడా వెంటనే తెలుస్తుంది. మన కార్టూన్ సాధారణంగా ఒకే చట్రంలో ఉంటుంది. బాపు గారి కార్టూన్‌లో చూడండి, మనిషి నిలబడ్డ తీరులోనే సగం కథ ఉంటుంది, కింద ఒక్క మాట, నవ్వు వెంటనే వస్తుంది. తక్కువ గీతల్లో మనిషి స్వభావం పట్టే పొదుపు సత్రాపీలోనూ ఉంది. ఆమె మొహాలు చాలా సాదా మొహాలు, రెండు పెద్ద కళ్లు, కనుబొమలు, నోటికి ఒక గీత. కాని ఆమె హాస్యం ఒక చట్రంలో ఉండదు, వరసలో ఉంటుంది. ఒక గడిలో ఆజ్ఞ, ఇంకో గడిలో ప్రశ్న, ఆ తర్వాత జవాబు. గడికీ గడికీ మధ్య ఉన్న తెల్లని సందులో పాఠకుడు ఒక క్షణం ఆగుతాడు. ఆ ఆగడం ఎంతసేపో నిర్ణయించేది పాఠకుడే. సినిమాలో ఆ విరామాన్ని దర్శకుడు నిర్ణయిస్తాడు, వేదిక మీద నటుడు నిర్ణయిస్తాడు. పుస్తకంలో నేను ప్రశ్న ఉన్న గడి దగ్గర నాకు కావలసినంత సేపు కూర్చుని, అతడేమంటాడో నాకు తెలిసి కూడా తెలియనట్టు ఉండి, అప్పుడు కన్ను పక్కకు జరుపుతాను. ఆ సుఖం మరో చోట దొరకదు.

ఆ జవాబు తర్వాత రచయిత్రి అక్కడ ఆగి మన నవ్వు కోసం ఎదురుచూడరు. అదే అధ్యాయంలో ఇంకో సంఘటన వస్తుంది. ఆమెకు ఆలస్యమైపోయి, బస్సు అందుకోవడానికి పరుగెత్తుతూ ఉంటుంది. వెనక నుంచి, వీధుల్లో జనం దుస్తులనూ నడవడికనూ కనిపెట్టే విప్లవ కాపలాదళం వాళ్లు మైకులో ఆమెను ఆగమంటారు. ఎందుకు పరుగెత్తుతున్నావని అడుగుతారు. బస్సు కోసం అంటుంది. నువ్వు పరుగెత్తితే నీ వెనక భాగం అసభ్యంగా కదులుతోంది అని వాళ్లు చాలా మొహమాటంగా, మాటలు వెతుక్కుంటూ చెబుతారు. అయితే మీరు అటు చూడకండి అని ఆమె ఒక్క అరుపు అరుస్తుంది. ఆ అరుపు ఎంత గట్టిదంటే వాళ్లు ఆమెను అరెస్టు చేయడం కూడా మరిచిపోతారు.

ఇది కూడా గొప్పగా నవ్వించే ఘట్టమే. చాలామంది పాఠకులకు ఇదే ఎక్కువ నచ్చుతుందని నాకు తెలుసు, ఎందుకంటే ఇందులో ఆమె గెలుస్తుంది. నా మనసు మాత్రం తలుపు వైపే ఉంటుంది. అరుపు దగ్గర వచ్చే నవ్వులో గుండె బరువు దిగిపోతుంది. ‘అవును’ దగ్గర వచ్చే నవ్వులో బరువు దిగదు, నవ్వుతూనే మోయవలసి వస్తుంది. రెండు ఘట్టాలనూ ఆమె పక్కపక్కన పెట్టడంలో గొప్ప కుదురు ఉంది. మొదటిదాంట్లో చూడవద్దని ఆమెకు చెప్పారు, రెండోదాంట్లో చూడవద్దని ఆమె వాళ్లకు చెప్పింది. చూపు గురించిన ఒకే ఆజ్ఞ తిరగబడి యజమాని దగ్గరకే వచ్చింది. ఈ సంగతిని రచయిత్రి ఎక్కడా ఎత్తి చూపరు.

వెంటనే ఆ అధ్యాయం గొంతు మారుతుంది. ఎర్ర సాక్సులు వేసుకున్నందుకు ఒక రోజంతా కాపలాదళం కార్యాలయంలో గడపవలసి వచ్చిందని ఆమె చెబుతుంది. అధ్యాయానికి ఆ పేరు అందుకే వచ్చింది. ఆ తర్వాత వచ్చే ఆలోచన ఈ పుస్తకానికి వెన్నెముక లాంటిది. ఇల్లు దాటే ముందు నా ప్యాంటు పొడవు సరిపోయిందా, ముసుగు సరిగ్గా ఉందా, మేకప్ కనిపిస్తోందా, కొరడా దెబ్బలు తినవలసి వస్తుందా అని తనను తాను ప్రశ్నించుకునే మనిషి, నా ఆలోచనకు స్వేచ్ఛ ఏది, నా మాటకు స్వేచ్ఛ ఏది, రాజకీయ ఖైదీల జైళ్లలో ఏం జరుగుతోంది అనే ప్రశ్నలు ఇక అడగదు. పాలకులకు ఈ కిటుకు బాగా తెలుసు అంటుంది ఆమె. భయం మన విచక్షణను తీసేస్తుందని, కాళ్లూ చేతులూ కట్టేస్తుందని చెబుతుంది. ఈ మాటలు చదివాక వెనక్కి వెళ్లి తలుపు సన్నివేశం మళ్లీ చూస్తే, ఆ అమ్మాయి చేసిన పని ఎంత పెద్దదో అర్థమవుతుంది. పెద్ద ప్రశ్నలు అడిగే ఓపిక మిగలకుండా చిన్న భయాలతో మనిషిని నింపే చోట, ఆమె ఆ చిన్న భయాన్నే పట్టుకుని దాన్నే ప్రశ్నగా మార్చింది.

ఆ అధ్యాయం ఒక చావుతో ముగుస్తుంది. స్నేహితులు రహస్యంగా ఇళ్లలో విందులు చేసుకుంటూ ఉంటారు. ఒక రాత్రి కాపలాదళం వస్తుంది. మగపిల్లలు మేడల మీదుగా ఒక పైకప్పు నుంచి ఇంకో పైకప్పుకు దూకుతూ పారిపోతారు. ఒక యువకుడు దూకలేక కింద పడి చనిపోతాడు. ఆ పరుగంతా సత్రాపీ మాటలు లేకుండా గీశారు. రాత్రి చీకటి, తెల్లని చంద్రుడు, చిన్న చిన్న నల్లని ఆకారాలు. అంతవరకు ప్రతి గడిలోనూ గలగలలాడిన మాటలు ఒక్కసారిగా ఆగిపోతాయి. పుస్తకం చేతిలో పట్టుకుని నవ్విన మనం, పది పేజీలు తిరగకుండానే, ఆ నిశ్శబ్దం ఎదుట నిలబడతాం.

ఇంత విషాదం ఉన్న చోట నవ్వడం తగునా అని నన్ను అడిగినవారున్నారు. తగునని నా గట్టి నమ్మకం, ఆ నమ్మకానికి ఆధారం కూడా ఈ పుస్తకంలోనే ఉంది. అంతకు కొంచెం ముందు ‘జోక్’ అనే పేరుతోనే ఒక అధ్యాయం ఉంది. వియన్నా నుంచి తిరిగి వచ్చిన ఆమె చిన్ననాటి మిత్రుడిని చూడడానికి వెళుతుంది. అతడు యుద్ధంలో పాల్గొని అంగవైకల్యంతో తిరిగి వచ్చాడు. అతడిని చూసి ఏం మాట్లాడాలో ఆమెకు తోచదు, గది నిండా మొహమాటం. అప్పుడు అతడే, యుద్ధంలో బాంబు తగిలి తునాతునకలైన ఒక సైనికుడి గురించి ఒక మొరటు జోకు మొదలుపెడతాడు. చెబుతూ చెబుతూ అతడు నవ్వుతాడు, ఆమె నవ్వుతుంది, ఇద్దరూ నవ్వు ఆపుకోలేకపోతారు. మన కష్టాలు భరించగలిగినంత వరకే మన మీద మనం జాలిపడగలం, ఆ గీత దాటితే, భరించలేనిదాన్ని భరించడానికి నవ్వు తప్ప మార్గం లేదు అని ఆ రోజు నేర్చుకున్నానంటుంది ఆమె. దెబ్బ తిన్నవాడే నవ్వు మొదలుపెట్టాడన్నది ఇక్కడ ముఖ్యం. అతడి అనుమతి లేకుండా ఆ గదిలో ఎవరూ నవ్వలేదు.

అయితే అన్ని నవ్వులనూ ఈ పుస్తకం ఒకే గాటన కట్టదు. నా దృష్టిలో ‘మేకప్’ అనే అధ్యాయం లేకపోతే తలుపు సన్నివేశానికి ఇంత విలువ వచ్చేది కాదు. అందులో ఆమె పెదాలకు రంగు వేసుకుని స్నేహితుడి కోసం వీధిలో ఎదురుచూస్తూ ఉంటుంది. కాపలాదళం బండి వస్తుంది. తనను పట్టుకుంటారనే భయంతో ఆమె వాళ్ల దృష్టి మళ్లించడానికి, అక్కడ కూర్చున్న ఒక అమాయకుడిని చూపించి, అతడు నాతో అసభ్యంగా మాట్లాడాడని చెబుతుంది. వాళ్లు అతడిని బండెక్కించి తీసుకుపోతారు. ఈ సంగతిని ఆమె తన స్నేహితుడికి వేడుకగా చెబుతుంది, అతడు నవ్వుతాడు. అదే వేడుకతో అమ్మమ్మ దగ్గరకు వెళ్లి చెబుతుంది. అమ్మమ్మ నవ్వదు. జీవితంలో మొదటిసారి మనవరాలి మీద కేక వేస్తుంది. మీ తాత జైలుకు వెళ్లింది, మీ నాన్న సోదరుడు చనిపోయింది ఇందుకా అన్నంత కోపంతో లేచిపోతుంది.

ఈ ఘట్టాన్ని రచయిత్రి తన గురించి తానే రాసుకున్నారు, దాచుకోలేదు. పైగా అమ్మమ్మ కోపగించే వరకు మనకు కూడా ఆ సంఘటనను కొంచెం హాస్యంగానే చూపించుకుంటూ వచ్చారు. ఆ వృద్ధురాలి కేకతో మన పెదవుల మీది నవ్వు కూడా ఆగిపోతుంది. భయపడి పక్కవాడిని పట్టిచ్చిన కథకు నవ్వడం వేరు, భయం ఎదుట నిలబడి ప్రశ్న అడిగిన కథకు నవ్వడం వేరు. ఈ తేడాను ఆమె సిద్ధాంతంగా చెప్పలేదు, ఇద్దరు శ్రోతల ద్వారా చూపించారు. ఒకే సంఘటన విని స్నేహితుడు నవ్వాడు, అమ్మమ్మ నవ్వలేదు. ఎవరి పక్షాన ఉండాలో చదివేవారికి చెప్పనక్కరలేదు.

ఆ తర్వాతి అధ్యాయంలోనే ఆమెకు క్షమాపణ దొరుకుతుంది, అది కూడా ఒక ప్రశ్న వల్లనే. విశ్వవిద్యాలయంలో విద్యార్థులందరినీ పిలిచి నడవడిక మీద ఉపన్యాసం ఇస్తారు. ఆడపిల్లలు ఇంకా పొడవైన ముసుగు, ఇంకా వదులైన ప్యాంట్లు వేసుకోవాలంటారు. ఆమె లేచి నిలబడి, చిత్రకళ విద్యార్థినిని, బొమ్మ గీయడానికి నా చేతులు కదలాలి కదా అంటుంది. మగపిల్లలు ఒంటికి అతుక్కునే బట్టలు వేసుకుంటే స్త్రీనైన నాకు ఏమీ కానప్పుడు, నా ముసుగు రెండు అంగుళాలు తగ్గితే అతడికి ఏదో అయిపోతుందని ఎలా అంటారు అని అడుగుతుంది. ఆ సభలో అంత మంది ముందు అడగడానికి ఎంత ధైర్యం కావాలో ఊహించుకోవచ్చు. ఈ మాట తెలిసి అమ్మమ్మ ఆమెను క్షమిస్తుంది. భయమే మనిషి అంతరాత్మను పోగొడుతుందని, పిరికివాణ్ణి చేస్తుందని చెప్పి, మనవరాలిని చూసి గర్వపడుతుంది. సాక్సుల అధ్యాయం ఆ వెంటనే మొదలవుతుంది. తలుపు దగ్గర ప్రశ్న అడిగిన అమ్మాయి అమ్మమ్మ చేత చీవాట్లు తిని, మళ్లీ మెప్పు పొంది వచ్చిన అమ్మాయి అని మనకు తెలుసు. అందుకే ఆ ప్రశ్నలో నాకు రెండు గొంతులు వినిపిస్తాయి.

ఇంత చెప్పాక ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ పుస్తకంలోని హాస్యం అవతలి పక్షం మనుషులందరినీ మూర్ఖులుగా చూపించే హాస్యం కాదు. విశ్వవిద్యాలయంలో ప్రవేశానికి జరిగే భావజాల పరీక్షలో ఆమె ఒక ముల్లా ఎదుట కూర్చుంటుంది. ఆస్ట్రియాలో ముసుగు వేసుకునేదానివా అని ఆయన అడుగుతాడు. లేదు, ఆడవాళ్ల జుట్టు అన్ని ఇబ్బందులు తెచ్చేదైతే దేవుడు మమ్మల్ని బోడిగుండుతోనే పుట్టించి ఉండేవాడు కదా అంటుంది ఆమె. అరబీలో ప్రార్థన వచ్చా అంటే, దేవుడితో మాట్లాడేటప్పుడు నాకు అర్థమయ్యే భాషలోనే మాట్లాడతానంటుంది. ఆ జవాబులకు తన పని అయిపోయిందనే ఆమె అనుకుంటుంది. కాని ఆ ముల్లాకు ఆమె నిజాయితీ నచ్చి, ఆమెను ఉత్తీర్ణురాలిని చేస్తాడు. సభలో ఆమె అడిగిన ప్రశ్న తర్వాత, అయితే మీకు వీలైన దుస్తులు మీరే రూపొందించండి అని పని అప్పగించినది కూడా ఆయనే. ఒకే వ్యవస్థలో సూటి మాట విని తల వంచిన మనిషీ ఉన్నాడు, సూటి ప్రశ్న విని ‘అవును’ అన్న మనిషీ ఉన్నాడు. మొదటివాడు ఉన్నాడు కాబట్టే రెండోవాడిని చూసి నవ్వినా మనకు తప్పు చేస్తున్నామనిపించదు.

మొదటి సంపుటంలోని నవ్వులు వేరే రకం, అవి పసితనపు నవ్వులు. చిన్నపిల్ల రాత్రిపూట దేవుడితో మాట్లాడుతూ ఉంటుంది. కార్ల్ మార్క్స్ బొమ్మ చూశాక, ఆయనా దేవుడూ ఒకేలా ఉన్నారని, మార్క్స్ జుట్టే కాస్త ఎక్కువ ఉంగరాలు తిరిగి ఉందని గమనిస్తుంది. పెద్దవాళ్ల ప్రపంచాన్ని గంభీరంగా తూచే ఆ గొంతు వింటే ‘బుడుగు’ చదివిన తెలుగువారికి ఎంతో ఆత్మీయంగా ఉంటుంది. ఇంకో అధ్యాయంలో తల్లిదండ్రులు టర్కీ నుంచి వస్తూ, కూతురి కోసం సంగీత తారల పోస్టర్లను తండ్రి కోటు లోపల కుట్టి తెస్తారు. భుజాలు బిగుసుకుపోయి, కోటు నిలువునా పలకలా నిలబడి, ఆయన విమానాశ్రయంలో నడిచి వచ్చే బొమ్మ తప్పక చూడవలసినది. అదే అధ్యాయంలో ఆమె క్యాసెట్ల కోసం టెహ్రాన్‌లోని గాంధీ వీధికి వెళుతుంది. మన గాంధీ గారి పేరున్న వీధిలో నిషిద్ధ సంగీతం చాటుమాటుగా అమ్ముతున్నారని చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. కాపలాదళం స్త్రీలు ఆమెను ఆపి, జాకెట్ మీద మైకేల్ జాక్సన్ బిళ్ల చూసి నిలదీస్తే, ఈయన అమెరికాలోని నల్లజాతి ముస్లింల నాయకుడు మాల్కం ఎక్స్ అని చెబుతుంది. ఇంటికి వెళ్లాక తల్లికి జరిగింది చెప్పదు. చెబితే మళ్లీ ఒంటరిగా బయటకు పంపరని ఆమెకు తెలుసు. అక్కడ ఆ పిల్ల అబద్ధమాడి బయటపడుతుంది, పదేళ్లు కూడా తిరగకుండానే తలుపు దగ్గర నిజం అడిగి నిలబడుతుంది.

ఈ నవల ఆధారంగా సత్రాపీ, వాన్సాన్ పరోనోతో కలిసి 2007లో తీసిన యానిమేషన్ చిత్రం కూడా చక్కగా ఉంటుంది, కాన్ చలనచిత్రోత్సవంలో జ్యూరీ బహుమతి పంచుకుంది. అయినా పుస్తకమే ముందు చదవాలని నా సలహా. మొత్తం చదివే తీరిక లేనివారు రెండో సంపుటంలో ‘జోక్’ నుంచి ‘సాక్సులు’ వరకు ఉన్న ఆరు అధ్యాయాలను ఒకే విడతలో చదవవచ్చు. మిత్రుడి మొరటు జోకు, ఆ తర్వాత ఆమె తన ప్రాణం తీసుకోబోయేంత నిస్పృహ, ముల్లా పరీక్ష, అమ్మమ్మ కోపం, సభలో ప్రశ్న, చివరకు ఆ బొమ్మల గది వరసగా వస్తాయి. సాక్సుల అధ్యాయం చేరగానే మాత్రం కాస్త నెమ్మదించండి. చాదర్‌లోని మోడల్ చుట్టూ విద్యార్థినులతో పాటు మీరూ తిరగండి. పర్యవేక్షకుడు లోపలికి వచ్చాక, పేజీలో కిందికి చూపు పోనివ్వకుండా, ఆమె ప్రశ్న ఉన్న గడి దగ్గరే ఆగి, మీరైతే ఏం జవాబు చెప్పేవారో ఒకసారి ఆలోచించుకుని, అప్పుడు అతడి జవాబు చదవండి.